నిలిచిన తలుపు, నిలువవలసిన సమాజము

*యూదు ద్వేషమును చట్టముతోను కాపలాతోను అణచుట ఒక యెత్తు. ద్వేషమునకు గురియైన సమాజము నలుగురి నడుమ నిర్భయముగ బ్రదుకునట్లు చేయుట మఱియొక యెత్తు. ఈ రెండింటిలో ఏది కష్టతరమో జర్మనీ అనుభవము చెప్పుచున్నది.*

2019 అక్టోబరు 9, బుధవారము, పట్టపగలు. జర్మనీ తూర్పు భాగమున జాలె నది యొడ్డుననున్న హాలె నగరములో, హుంబోల్ట్ వీథిలో, ఎత్తైన ప్రహరీగోడ వెనుకనున్న చిన్న సినగాగునందు, అనగా యూదుల ప్రార్థనామందిరమునందు, 50 మందికి పైగా భక్తులు ముందునాటి సాయంకాలమునుండి పచ్చి మంచినీరైనను ముట్టక ధర్మగ్రంథ పఠనమును ఆలకించుచుండిరి. సోవియట్ దేశమునుండి ఏనాడో వలసవచ్చిన వృద్ధులు వారిలో కలరు. పండుగనాడు ఈ చిన్న సమాజమునకు తోడుగా నుండవలెనని బెర్లిను నుండి వచ్చిన యువతీయువకులును కలరు. ఇంతలో వెలుపల పెద్ద చప్పుడైనది. భద్రత చూచుచున్నవారు కెమెరా తెరవైపు కన్ను వేయగా, సైనికుని వేషమున, నెత్తిన శిరస్త్రాణముతో, చేత తుపాకితో ఒకడు తలుపు తాళముపై గుండ్లు కురిపించుచు, గోడమీదుగా లోనికి ప్రేలుడు పదార్థములు విసరుచు కనబడెను.

లోనివారు కుర్చీలును బల్లలును ఈడ్చి లోపలి తలుపునకు అడ్డముగ పేర్చిరి. ప్రహరీకి అమర్చిన ఆ ఓక్ కఱ్ఱ తలుపు మాత్రము ఎన్ని గుండ్లు తగిలినను తెఱచుకొనలేదు. లోనికి పోలేని యుక్రోషముతో వాడు దారినపోవుచున్న 40 ఏండ్ల స్త్రీని కాల్చి చంపెను. అటుపిమ్మట కొన్ని వీథుల అవతలనున్న కబాబు అంగడికి పోయి, మధ్యాహ్న భోజనమునకు వచ్చిన 20 ఏండ్ల యువకుని ప్రాణము తీసెను. ఈ ఘోరమునంతయు వాడు శిరస్త్రాణమునకు తగిలించుకొన్న కెమెరాతో అంతర్జాలమున ప్రత్యక్షప్రసారము చేయుచునే యుండెను.

అంతటి భయమునందును లోపల ఆగిన ప్రార్థన, పోలీసులు వచ్చి వెలికి పంపులోపలనే, మరల మొదలైనది. కొన్ని గంటల తరువాత వారిని బస్సులో వైద్యశాలకు తరలింపగా, అచ్చటనే ఆనాటి తుది ప్రార్థన ముగించి, పాటలు పాడి, ఉపవాసము విరమించిరి.

ఆ పర్వదినమున ఆ మందిరమువద్ద ఒక్క పోలీసు భటుడైనను కాపలా లేడు. యూదు సంవత్సరమున కెల్ల పవిత్రమైన యోం కిప్పుర్ దినమున, హిట్లరు భావజాలపు చేదు రుచి ఎఱిగిన దేశమున, అన్నిమంది ప్రాణములు ఒక వడ్రంగి పనితనముపై ఆధారపడవలసివచ్చినది. ఆ భద్రతా సాధనముల కైన వ్యయములో కొంత సమకూర్చినది సహితము విదేశములలోని యూదుల సాయముతో నడచు సంస్థయే. తమను తాము కాచుకొనుట యూదుల సొంత బాధ్యత యన్నట్లుగా ఆ దేశపు ప్రభుత్వయంత్రము అప్పటివరకు వ్యవహరించినది.

యోం కిప్పుర్ అనగా...

■ యూదుల పంచాంగమున తిష్రీ మాసము పదియవ దినము. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వచ్చును.
■ ఒక సూర్యాస్తమయమునకు ముందు మొదలై మరునాటి చీకటి పడువరకు సుమారు 25 గంటల ఉపవాసము. అన్నపానములు రెండును నిషిద్ధము.
■ ఏడాదిపాటు చేసిన తప్పులకు పశ్చాత్తాపపడి, తోటివారిని క్షమాపణ కోరుట ఈ పర్వపు సారము.
■ 'నెయిలా' అను తుది ప్రార్థనతోను, పొట్టేలు కొమ్ముతో చేసిన 'షోఫర్' నాదముతోను దినము ముగియును.
■ సామూహిక ప్రార్థనకు సంప్రదాయము ప్రకారము కనీసము 10 మంది వయోజనులు కావలెను.

ఇప్పు డేల ఈ ప్రస్తావన?

2025 అక్టోబరు 2న, మరల అదే యోం కిప్పుర్ నాడు, ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున ఒక సినగాగు వెలుపల దాడి జరిగి ఇద్దరు భక్తులు మరణించిరి. హాలెలో జరిగినది ఎచ్చటనో ఒక ఉన్మాది చేసిన ఏకాకి దుష్కృత్యమని సరిపెట్టుకొన్నవారికి ఆ సరిపెట్టుకోలు చెల్లదని తేలిపోయినది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయేలుపై హమాస్ జరిపిన దాడి, ఆ వెనువెంటనే గాజాలో చెలరేగిన యుద్ధము, ఐరోపా వీథులలోని యూదుల దైనందిన జీవితమును తలక్రిందులు చేసినవి. జర్మనీలో పోలీసులు నమోదు చేసిన యూదు వ్యతిరేక నేరములు 2022లో 2,641 కాగా, 2023లో 5,164; 2024లో 6,236. హమాస్ దాడి జరిగిన పదునొకండు దినములకు బెర్లినులోని ఒక యూదు సామాజిక కేంద్రముపై రెండు పెట్రోలు సీసాలు విసరబడినవి.

ఈ అంకెల వెనుక మనుష్యు లున్నారు. మెడలోని షడ్కోణ నక్షత్రపు పతకమును చొక్కా లోపలికి దోపుకొను విద్యార్థి, తలపైని కిప్పా టోపీ కనబడకుండ పైన మామూలు టోపీ పెట్టుకొను ఉద్యోగి, బిడ్డను విడిచివచ్చు బాలవాడి ముంగిట సాయుధ భటుని చూచి రోజూ గుండె చిక్కబట్టుకొను తల్లి. కాపలా పెరిగినకొలది ప్రాణమునకు ధైర్యము కలుగవచ్చును గాని, కాపలా నడుమనే బాల్యము గడచిన బిడ్డ తానును ఈ ఊరివాడనే యని ఎట్లు నమ్మగలడు? చంపకుండ కాచుట ఒక పని. బ్రదుకుట కనువైన నేల కల్పించుట వేఱొక పని. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరిగినట్లు కాదు.

పదునేడు వందల యేండ్ల ఇరుగుపొరుగు

యూదులు జర్మనీకి నిన్నగాక మొన్న వచ్చినవారు కారు. 321వ సంవత్సరమున రోమను చక్రవర్తి కాన్‌స్టంటైను, కొలోను నగర పాలకమండలిలో యూదులను నియమింపవచ్చునని యొక శాసనము వెలువరించెను. ఆల్ప్స్ పర్వతములకు ఉత్తరమున యూదుల యునికికి దొరకిన తొలి లిఖిత సాక్ష్యము అదియే. దానిని పురస్కరించుకొని 2021లో జర్మనీ 1700 ఏండ్ల యూదు జీవనోత్సవములు జరుపుకొన్నది. రైను నదీతీరమునందలి ష్పయర్, వోర్మ్స్, మైన్‌జ్ నగరములు మధ్యయుగమున యూదు విద్యకు కాశీక్షేత్రములై విలసిల్లినవి. వాని శిథిలములకు అదే సంవత్సరమున యునెస్కో వారసత్వ గౌరవము లభించినది.

ఆ విద్యావైభవము ప్రక్కనే నెత్తుటి చారలును కలవు. 1096లో మొదటి క్రూసేడు దండు పుణ్యభూమికి బయలుదేరి, దారిలోని ఈ నగరములలోనే వందలాది యూదులను సంహరించినది. 1348, 49 సంవత్సరములలో ప్లేగు మహమ్మారి చెలరేగినప్పుడు, యూదులు బావులలో విషము కలిపిరని పుకారు పుట్టించి వారి పేటలకు పేటలను తగులబెట్టిరి. ఆ దినములలో ఎర్ఫుర్ట్ నగరమున ఎవరో తమ సొత్తునంతయు గోడక్రింద పాతిపెట్టి మరల రాకపోయిరి. 1998లో అది బయల్పడినప్పుడు వేలకొలది వెండి నాణెముల నడుమ, చిన్న గోపురమును శిరమున ధరించిన బంగారు వివాహపు టుంగరము ఒకటి దొరకినది. ఏ వధువు వ్రేలిని అలంకరించినదో తెలియదు గాని, దానిపై చెక్కిన శుభాకాంక్ష మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు.

పాత విషము, కొత్త సీసాలు

ఇంతటి ద్వేషమునకు మూలమేమి? క్రీస్తు మరణమునకు యూదులే కారకులను మతప్రచారము మొదటిది. వృత్తిసంఘములలో చేరనీయక, భూమి కొననీయక, క్రైస్తవులకు నిషిద్ధమైన వడ్డీవ్యాపారమును మాత్రము వారికి విడిచి, పిదప వడ్డీవ్యాపారులని వారినే నిందించుట రెండవది. మతసంస్కర్త మార్టిన్ లూథరు మొదట యూదులపట్ల మెత్తగా మాటలాడినను, వారు తన మతములో చేరకపోవుటచే కినుక వహించి, వారి ప్రార్థనామందిరములను తగులబెట్టవలెనని 1543లో గ్రంథమే వ్రాసెను.

1871లో ఏకీకృత జర్మనీ యూదులకు సమాన పౌరహక్కులు ఇచ్చినది. ఇక మతమును అడ్డుపెట్టుకొని ద్వేషించుట నాగరికులకు నామోషీగా తోచగా, 1879లో విల్‌హెల్మ్ మార్ అను పత్రికారచయిత ఆ ద్వేషమునకు జాతిశాస్త్రపు ముసుగు తొడిగి, దాని పేర నొక సంఘమును స్థాపించెను. మతము మార్చుకొన్న యూదునికి అంతకుముందు తప్పించుకొను త్రోవ యొకటి యుండెడిది. జాతిసిద్ధాంతము ఆ త్రోవను సైతము మూసివైచినది. మొదటి ప్రపంచయుద్ధమున సుమారు లక్షమంది యూదులు జర్మనీ పక్షమున పోరాడి, వారిలో సుమారు 12 వేలమంది నేలకొఱగినను, ఓటమి తరువాత దేశద్రోహమను నింద వారిపైననే పడినది. ఆ నింద యెక్కిన మెట్లమీదుగనే హిట్లరు 1933లో అధికారపీఠ మెక్కెను.

లోకమునంతయు యూదులు రహస్యముగ నడపుచున్నారని చెప్పు కూటపత్రము 1903లో రష్యాలో అచ్చయినది. అది ఒక ఫ్రెంచి రాజకీయ వ్యంగ్యరచననుండి దొంగిలించి కూర్చినదని 1921లోనే లండను టైమ్స్ పత్రిక సాక్ష్యములతో బయటపెట్టినది. అయినను ఆ కట్టుకథ చావలేదు. హాలె హంతకుని తలలో నిండియున్నదియు అదియే: వలసవచ్చు ముస్లిములను ఐరోపామీదికి తోలుచున్నవారు యూదులని వాని నమ్మకము. సినగాగు తలుపు తెఱచుకొననప్పుడు వాని తుపాకి కబాబు అంగడివైపు తిరుగుటలోని గూఢార్థ మిదియే. యూదుని ద్వేషించువాడు యూదునితోనే ఆగడు.

అంకెలలో జర్మనీ యూదులు

■ 1933: 5 లక్షలకు పైగా, దేశజనాభాలో నూటికి ఒక్కరుకన్న తక్కువ.
■ 1938 నవంబరు 9, 10: ఒక్క దాడిలో సుమారు 1,400 ప్రార్థనామందిరములు ధ్వంసము, సుమారు 30 వేలమంది పురుషుల నిర్బంధము.
■ 1945 నాటికి ఐరోపాలో హతులైన యూదులు: సుమారు 60 లక్షలు.
■ 1989: పశ్చిమ జర్మనీ సంఘములలో మిగిలిన సభ్యులు సుమారు 28 వేలు.
■ నేడు: సుమారు 90 వేలమంది సభ్యులు, నూరుకు పైగా స్థానిక సంఘములు.

రష్యను మాటలాడు జర్మను యూదులు

యుద్ధానంతరము జర్మనీలో మిగిలిన కొద్దిమంది యూదులు, విప్పని పెట్టెలమీద కూర్చున్నామని తమ్ముగూర్చి తాము చెప్పుకొనెడివారు. నేడో రేపో పోవలసినవారమే యని వారి భావము. 1950లో వారు కేంద్రమండలి నొకటి ఏర్పఱచుకొన్నను, యువతరము తరలిపోవుచుండ సంఘములు వృద్ధాశ్రమములను తలపింపజేసినవి. సోవియట్ యూనియను కూలు కాలమున, 1991నుండి, జర్మనీ తన ద్వారములు తెఱచుటతో కుటుంబసభ్యులతో కలసి రెండు లక్షలకు పైగా జనులు వచ్చిరి. ఆ వలసయే లేకున్న ఈనాడు అనేక జర్మను నగరములలో ప్రార్థనకు పదిమందియైనను పోగగుట కష్టమై యుండెడిది.

వచ్చినవారి కథ వేఱు. లెనిన్‌గ్రాడులో యంత్రనిర్మాణ ఇంజనీరుగా నుండినవాని పట్టా ఇచ్చట చెల్లదు. ఒడెస్సాలో సంగీతోపాధ్యాయినిగా నుండినామెకు భాష రాదు. అచ్చటి సర్వీసు ఇచ్చట సరిగా లెక్కకు రాకపోవుటచే ముదిమిలో చాలీచాలని పింఛను. సోవియట్ పాలనలో మతాచారములు మఱుగుపడినందున, హీబ్రూ అక్షరములుకూడ అఱువది యేండ్ల వయసున ఓనమాలతో దిద్దుకొనవలసివచ్చినవారు అనేకులు. అందువలన యూదు సంఘ కార్యాలయమనగా ప్రార్థనామందిరము మాత్రమే కాదు. జర్మను భాష నేర్పు బడి, చదరంగపు క్లబ్బు, గాయకబృందము, ప్రభుత్వ కాగితములు చదివిపెట్టు సహాయకేంద్రము, కడకు శవసంస్కారము జరిపించు బంధువుల యిల్లు. హాలె సినగాగుకూడ మొదట 1894లో శ్మశానవాటికయందు అంత్యక్రియల కొఱకు కట్టిన మందిరమే. నగరపు పెద్ద సినగాగు 1938లో నాశమైనందున 1953లో దానినే ప్రార్థనకు మార్చుకొనిరి.

చట్టము చేయగలిగినది, చేయలేనిది

జర్మనీలో యూదుల సంహారము జరుగనే లేదని బహిరంగముగ పలుకుట నేరము. ద్వేషమును రెచ్చగొట్టుటకు శిక్ష కలదు. హాలె హంతకునికి 2020 డిసెంబరు 21న యావజ్జీవ కారాగారము, ఆపైన ముందుజాగ్రత్త నిర్బంధము విధింపబడినవి. 2018లో ప్రభుత్వము ఒక ప్రత్యేకాధికారిని నియమించినది. ఆ పదవి పేరిట రెండు పనులు జంటగ నున్నవి: యూదు జీవనమును పోషించుట, యూదు ద్వేషముతో పోరాడుట. పోషణకు ఆధారము 2003 జనవరి 27న కుదిరిన ఒడంబడిక. దాని ప్రకారము కేంద్రమండలికి ఏటేట 30 లక్షల యూరోలతో మొదలైన ప్రభుత్వసాయము 2023 నాటికి 2 కోట్ల 20 లక్షల యూరోలకు పెరిగినది.

ఫలితములు కంటికి కనబడుచున్నవి. హాలె పరిసరములలోనే, అదే రాష్ట్రమందలి డెస్సౌ నగరమున 2023 అక్టోబరులోను, మాగ్డెబుర్గున అదే సంవత్సరము డిసెంబరులోను కొత్త సినగాగులు తెఱవబడినవి. రబ్బీలకు, అనగా యూదు పురోహితులకు, శిక్షణ ఇచ్చు కళాశాలలు వెలసి, 2006లో డ్రెస్డెనునందు యుద్ధానంతరపు తొలి దీక్షాప్రదానము జరిగినది. 2021లో జర్మను సైన్యమునకు నూఱేండ్ల విరామము తరువాత మరల ఒక రబ్బీ నియుక్తుడయ్యెను.

చట్టమునకు హద్దులును కలవు. 2024 నవంబరులో జర్మను పార్లమెంటు యూదు జీవనరక్షణ తీర్మానమును ఆమోదించినప్పుడు, ఇజ్రాయేలు ప్రభుత్వముపై న్యాయమైన విమర్శను సైతము అది అణచునేమోనని పెక్కుమంది న్యాయవేత్తలును కళాకారులును, వారిలో కొందఱు యూదులే, అభ్యంతరము తెలిపిరి. ఆ సందేహము త్రోసిపుచ్చదగినది కాదు. ఒక ప్రభుత్వము చేయు యుద్ధమును ఖండించుటకు ఎవ్వరికైనను హక్కు కలదు. గాజాలో మరణించు బిడ్డలకై కంటతడి పెట్టుట మానవధర్మము. అయితే ఆ యుద్ధమునకు బాధ్యుని జేసి బెర్లినులోని రొట్టెల దుకాణదారును కొట్టుట, మాంచెస్టరులో ఉపవాసమున్న వృద్ధునిపై కత్తి దూయుట ద్వేషమే కాని నిరసన కానేరదు.

వంగి చదువవలసిన పేర్లు

ఉన్నత విద్యకై జర్మనీకి పోవు మన తెలుగు విద్యార్థులు నేడు వేలసంఖ్యలో నున్నారు. వారు నడచు కాలిబాటల రాళ్ల నడుమ అచ్చటచ్చట పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఇత్తడి పలక యొకటి మెఱయుచుండును. 'ఇచ్చట నివసించెను' అని మొదలై, పేరు, పుట్టిన సంవత్సరము, కొనిపోయిన దినము, చంపిన చోటు, ఇంతే దానిపైని రాత. గుంటర్ డెమ్నిగ్ అను శిల్పి 1990ల తొలిదినములలో ఆరంభించిన ఈ ఫలకములు 2023 నాటికి లక్ష దాటి, ఐరోపాలో అనేక దేశములకు వ్యాపించినవి. ఒక్కొక్క అక్షరమును సుత్తితో కొట్టి చేతితోనే చెక్కుదురు. పేరు చదువవలెనన్న ఎంతవాడైనను తల వంచవలసినదే. నవంబరు 9 వచ్చినదన్న, పండుగకు ముందు మన యిండ్లలో చింతపండుతో ఇత్తడి బిందెలు తోమినట్లు, ఆ వీథివాసులు మోకాళ్లమీద కూర్చుండి ఆ పలకలను తోముదురు. ఆ పేర్లవారితో వారికి చుట్టరికము లేదు. ఒకప్పటి ఇరుగుపొరుగను సంబంధము మాత్రమే.

ఇందుకును ఎదురుమాట లేకపోలేదు. మృతుల పేర్లు జనుల పాదములక్రింద నలుగుట అపచారమని మ్యూనిక్ యూదు సంఘ నాయకురాలు షార్లొట్టె క్నోబ్లోఖ్ అభ్యంతరము చెప్పగా, ఆ నగరము తన వీథులలో ఈ ఫలకములను అనుమతింపలేదు. స్మరించు విధానమునుగూర్చి బాధితులలోనే భేదము కలదు. వారిని సంప్రదింపక వారికొఱకు చేయు మేలు మేలు కాదని దీనివలన తెలియుచున్నది.

మృతులను స్మరించుటకన్న బ్రదికియున్నవారిని పరిచయము చేసికొనుట కష్టము. జర్మనీలో తమ జీవితకాలమున ఒక యూదునితోనైనను మాటలాడి యెఱుగనివారు అసంఖ్యాకులు. అందుచే కేంద్రమండలి 2020లో ఒక కార్యక్రమము చేపట్టినది: యూదు స్వచ్ఛంద సేవకులు సాధారణముగ ఇద్దరిద్దరుగా పాఠశాలలకును క్రీడాసంఘములకును పోయి, పిల్లలు అడిగిన ప్రశ్నల కెల్ల జవాబు చెప్పుదురు. పంది మాంసము తినకున్న ఏమి తిందురు? శనివారము ఫోను ముట్టకుండ ఎట్లుందురు? అడుగుటకు మొగమోటపడు ప్రశ్న, అడుగకయే పుకారుగా పెరుగు ప్రశ్న, అచ్చట నవ్వులమధ్య తీరిపోవును.

హాలెలో దీనికన్న గొప్ప విషయ మొకటి జరిగినది. దాడికి గురియైన కబాబు అంగడిని యజమాని తన పనివారైన టర్కీ సోదరులకు అప్పగింపగా, బేరములు పడిపోయి అంగడి మూతపడు స్థితి వచ్చినది. అప్పుడు యూదు విద్యార్థి సంఘమువారు చందాలు పోగుచేసి ఆ సోదరులకు అందించిరి. న్యాయస్థానమున ఇరుపక్షముల బాధితులు ఒకే వరుసలో కూర్చుండిరి. ఎవ్వరును ఆదేశింపని ఈ సంఘీభావమే హంతకుని వాదమునకు అసలైన జవాబు.

మన దేశమున యూదులు

■ కొచ్చిన్‌లో రాజుగారి ప్రాసాదము ప్రక్కనే 1568లో కట్టిన పరదేశీ సినగాగు నేటికిని నిలిచియున్నది.
■ కొంకణతీరపు బెనె ఇజ్రాయేలీలు నూనెగానుగలు ఆడించుచు శనివారము పని మానుటచే 'శనివార్ తేలీ'లని పేరొందిరి.
■ గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిములను చిన్న తెలుగు సమాజము యూదు ఆచారములు పాటించుచున్నది.
■ 2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్‌పై జరిగిన దాడిలో రబ్బీ దంపతులతో సహా ఆరుగురు హతులైరి. వారి రెండేండ్ల బిడ్డను భారతీయురాలైన దాది ఎత్తుకొని బయటపడినది.

మన ముంగిటి మాట

భారతదేశము యూదులను హింసింపలేదని మనము గర్వముగ చెప్పుకొందుము, అది సత్యమే. కాని ఆ గర్వముచాటున మన అజాగ్రత్తయు దాగియున్నది. కఠినుడైన తండ్రిని, పైయధికారిని 'హిట్లర్' అని వేళాకోళము చేయుట మనకు పరిపాటి. 1997లో ఆ పేరనే మన చలనచిత్ర మొకటి వచ్చినది. ఆ హిట్లరు ఆత్మకథ మన నగరముల పుస్తకాల దుకాణములలో వ్యక్తిత్వవికాస గ్రంథముల నడుమ నేటికిని కొలువుదీరియుండును. ఒకానొక జాతి తెరవెనుక లోకము నడపుచున్నదను ఆ పాత కట్టుకథ, తెలుగు లిపి తొడుగుకొని, చరవాణులలో కుటుంబ బృందములకును చేరుచున్నది. యూదు లెవ్వరో చూచి యెఱుగని ఊళ్లలో సైతము వారిపై అనుమానము మొలకెత్తుటకు ఇంతకన్న ఎరువేల? పైగా ఒకనిపై నమ్ముట నేర్చిన కట్టుకథను రేపు వేఱొకనిపై, మన వీథిలోనే యున్న పొరుగువానిపై, నమ్ముట సులభము.

కావున పాఠకులకు విన్నప మొక్కటియే. ఇంటిలో పిల్లలు హిట్లరు పుస్తకమును కుతూహలముతో తెచ్చికొన్నచో లాగివేయకుడు. దాని ప్రక్కన ఆన్ ఫ్రాంక్ దినచర్యయు నుంచి రెండును చదివింపుడు. రహస్య కుట్రల సందేశము చేతికి వచ్చినప్పుడు ఇతరులకు పంపకుడు. పంపినవారు మేనమామయే యైనను, అది అబద్ధమని నూఱేండ్లనాడే ఋజువైనదని మర్యాదగ చెప్పుడు.